మొద్దుల మీద నా సుత్తి గుర్తు

1943 వేసవి. అప్పుడు నేను పుంగనూరు పక్కన సదుం కొండల్లో ఫారెస్టు గార్డుని. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క మదనపల్లె, పుంగనూరు మధ్య బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఒక పెద్ద పీపా ఉండేది. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. ఎత్తు వచ్చిన చోటల్లా జనం దిగి నెట్టేవాళ్ళు, కండక్టరును తిట్టేవాళ్ళు. ఆ బొగ్గు ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగలేదు. అది మా కొండలది.

నా బీటు, అంటే నేను కాపలా కాయాల్సిన అడవి, చాలావరకు చండ్ర, రేల, ముళ్ళపొదలే. మధ్యలో ఒక ఇరుకు కోన ఉండేది. అది వేరే దేశంలా ఉండేది. నడివేసవిలోనూ రాళ్ళ మీద పచ్చగా పాచి, కాలు పెడితే మెత్తగా దిగే ఆకుమన్ను. నేరేడు, ఏరుమద్ది, అడవిమామిడి చెట్లు ముగ్గురు చేతులు కలిపినా చుట్టు అందనంత లావు. వాటి మీద తొడలావు తీగలు. పిల్లి అంత ఎర్రటి బెట్టుడుతలు ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు దూకేవి, నేల మీద అడుగు పెట్టేవి కావు. ఆ చెట్లు ఎవరి తాతల కాలానివో చెప్పగలిగినవాళ్ళు లేరు. వాటి వేళ్ళ సందునే ఒక ఊట. మాఘం దాటితే కింది పల్లెలో చెరువు, బావులు ఎండిపోయేవి. అక్కడినుంచి వానలు పడేదాకా పల్లెలోని గొడ్డూ గోదా అన్నిటికీ ఆ ఊటే దిక్కు.

ఆ కోనను నాకు చూపించింది మునెమ్మ. యాభై ఏళ్ళ మనిషి, మొగుడు పోయాక మేకలు మేపుకుని బతికేది. చదువు లేదు. అయినా ట్రైనింగులో నాకు పాఠం చెప్పినవాళ్ళకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఒకరోజు ఊట పక్కనున్న పెద్ద మద్దిచెట్టు తొర్రను చూపించింది. దానికి మట్టి మెత్తినట్టు ఉంది, మధ్యలో వేలు పట్టేంత సందు.

“లోపల కొమ్ముపిట్ట ఉండాదప్పా. ఆడది. గుడ్లు పెట్టేముందు తనే లోపల కూసోని వాకిలి మూసేసుకుంటాది. మొగుడు బయటినుంచి పండ్లు తెచ్చి నోట్లో పెడతాడు. సూడు, ఇబ్బుడొస్తాడు.”

నిజంగానే వచ్చింది. ముక్కు మీద కొమ్మున్న బూడిదరంగు పిట్ట. గొంతులోంచి ఒక్కో జువ్విపండూ పైకి తెచ్చి ఆ సందులో అందించింది. లోపలున్న ఆడపిట్ట రెక్కల ఈకలు రాల్చేసుకుంటుందని, పిల్లలు పెరిగేదాకా ఎగరలేదని మునెమ్మే చెప్పింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది. కోనంతా కూపు, అంటే కొట్టడానికి కాంట్రాక్టరుకు అప్పగించిన ముక్క. చెట్లన్నీ బొగ్గుకే. ఎకరాకు నాలుగైదు పెద్ద చెట్లు మాత్రం విత్తనానికి వదలాలి, ఏవి వదలాలో గార్డు గుర్తు పెట్టాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఊట చుట్టూ ఉన్న పదకొండు చెట్లూ నా చేతిలోనే ఉన్నాయి కదా అనుకున్నాను. మునెమ్మను పిలిచి, ఏ చెట్టు వేరు ఊటకు పట్టు ఇస్తుందో చూపించమన్నాను. ఒక్కోటీ చేత్తో తట్టి చూపించింది. మద్దిచెట్టును రెండుసార్లు తట్టింది.

నేను సుత్తి తియ్యగానే ఆమె మొహం మారిపోయింది.

“యాల గుర్తేస్తాండావు? గుర్తేసిన చెట్టును కొట్టేస్తారు గదా. మా నాయన కాలంనుంచీ సూస్తాండా.”

“ఈ తూరి ఆర్డరు యేరేగా ఉండాదమ్మా. గుర్తుండేది వదిలిపెట్టాల, లేనిది కొట్టాల. సర్కారు సుత్తి పడిన చెట్టు జోలికి ఎవురూ రారు. పూచీ నాది.”

“నువ్వు సెప్తే సరే,” అంది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. అమ్మిన చెట్టుకు మేము రెండుచోట్ల బెరడు చెక్కి, అంకె ఉన్న సుత్తితో కొడతాం. ఒకటి రొమ్మెత్తున, ఇంకొకటి మొదట్లో, నేలకు జానెడు ఎత్తున. చెట్టు పడ్డాక మొదట్లోని గుర్తు మొద్దు మీద మిగులుతుంది, అది దొంగచెట్టు కాదని సాక్ష్యం. వదిలేసే చెట్టుకైతే రొమ్మెత్తున గుర్తు, జాజుతో ఎర్రటి పట్టీ, అంతే. మొదట్లో కొట్టకూడదు. ఇది నాకు తెలుసు. ఆర్డరులో కూడా రాసుంది. కానీ పదేళ్ళుగా పైన ఒకటి, కింద ఒకటి కొట్టిన చెయ్యి. పైన కొట్టాను, వంగి కింద కొట్టాను. పదకొండు చెట్లకీ అలాగే కొట్టాను. మునెమ్మకు పూచీ ఇస్తున్న మాటల్లోనే ఉన్నాను, చెయ్యి ఏం చేస్తోందో చూసుకోలేదు.

మరునాడు నన్ను కుప్పం పంపారు, స్టేషన్లో కలప వ్యాగన్లలోకి ఎక్కించే పని చూడమని. నాలుగు రోజులు. కూపు కాగితం కాంట్రాక్టరు చేతికి ఇంగ్లీషులో వెళ్ళింది. అతను చదవకుండానే సంతకం పెట్టి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొట్టేవాళ్ళకు నోటితో చెప్పే పని నాది. వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

ఐదోరోజు కోన మొదట్లోకి రాగానే ఎండ మొహాన కొట్టింది. అక్కడ ఎండ ఎప్పుడూ లేదు. ఊట దిక్కుకు పరుగెత్తాను.

చెట్లు కొట్టేవాళ్ళ మేస్త్రీ చిన్నప్ప ఎదురొచ్చాడు. కుప్పం పక్క మనిషి, పనిమంతుడు, మాటకు నిలబడేవాడు.

“సార్, మీరు గుర్తేసిన పదకొండూ అయిపోయినాయి. పెద్దవని ముందు వాటినే పట్టుకున్నాము. ఇంక సన్నచెట్లే.”

“ఎర్రపట్టీ కనపడలేదా?”

“కనపడింది. యాదో లెక్కకు పూసినారనుకున్నాము. మొదట్లో గుర్తుండాది గదా సార్. రాండి, సూడండి.”

ఒక్కో మొద్దు దగ్గరికీ తీసుకెళ్ళి, తుడిచి మరీ చూపించాడు. నా అంకె, నా సుత్తి. గుర్తుకు పైన రెండు వేళ్ళ ఎత్తున ఎంత శుభ్రంగా కోశారో. వాళ్ళ పనిలో వంక పెట్టడానికి లేదు. అతణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది, ఏమని తిట్టను?

“తొర్రలో పిట్ట?”

“ఉండింది సార్. పాపం, ఎగరలేకపోయింది. దాని నూనె కీళ్ళనొప్పులకు మంచిదంటే మావోళ్ళు కాచుకున్నారు.”

అప్పుడే మగపిట్ట వచ్చింది. మద్దిచెట్టు ఉండాల్సిన చోటికి సూటిగా వచ్చి, గాలిలో తడబడి, ఒక చుట్టు తిరిగి వెళ్ళింది. నేను అక్కడున్నంతసేపూ అలా మూడుసార్లు వచ్చింది. గొంతు నిండా పండ్లే.

మునెమ్మ ఊట దగ్గర మేకలతో కూచుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. తప్పు నాదని, చెయ్యి అలవాటని, చెప్పకుండా ఊరెళ్ళానని. అంతా విని, “నేను సూపించకుండా ఉండాల్సింది,” అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రేంజరు, అంటే మా పై అధికారి, తనిఖీకి వచ్చి మొద్దులు చూశాడు. వదలాల్సిన చెట్లు పోయాయని రాస్తే నా ఉద్యోగం పోతుంది, ఆయనకూ మాట వస్తుంది. “గాలికి పడిపోయినాయని రాసెయ్యప్పా,” అన్నాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. రాశాను. పదకొండు చెట్లు గాలికి పడ్డాయట, రంపంతో కోసినట్టు. పై ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.

మరుసటి ఏడు మాఘానికే ఊట తడిమన్ను అయింది, చైత్రానికి అదీ లేదు. పల్లెవాళ్ళు గొడ్లను తోలుకుని బి.కొత్తకోట దిక్కుకు పోయారు. కొన్ని దారిలోనే పడిపోయాయి. మునెమ్మ మేకలు అమ్ముకుని మదనపల్లెలో ఎవరింట్లోనో పాచిపనికి కుదిరిందని విన్నాను. వెళ్ళి చూసే మొహం నాకు లేకపోయింది.

తర్వాత చాలా ఏళ్ళు సుత్తి పట్టాను. గొడ్డళ్ళు దిగేముందు మేస్త్రీని ప్రతి చెట్టు దగ్గరా నిలబెట్టి, ఇది కొట్టేదా, వదిలేదా అని వాడి నోటితో చెప్పించేవాణ్ణి. చెట్టు మొదట్లో కొట్టడానికి వంగే ముందు కాగితం మళ్ళీ చదివేవాణ్ణి. ఊరు విడిచి పోవాల్సొస్తే పని ఆపించి పోయేవాణ్ణి. కొత్త గార్డులకు అదే నేర్పాను, చాదస్తమని నవ్వారు. నా చేతిలో మళ్ళీ ఒక్క తప్పూ జరగలేదు. ఆ జాగ్రత్తంతా తొడలావు చెట్ల మీదే పెట్టాను. కాపాడటానికి అంతకంటే పెద్దవి నాకు మళ్ళీ కనపడలేదు.