మావయ్య పేరున వచ్చిన చలానా

భిలాయిలో సిగ్నళ్ల దగ్గర కెమెరాలు పెట్టిన కొత్తలో మా ఇంట్లో రోజూ వాదనే. అవి ప్రాణాలు కాపాడతాయని స్టీల్ ప్లాంటులో రిటైరైన మా మావయ్య, జనాన్ని వేధించడానికేనని ఆయన కోడలినైన నేను. ఒక సాయంత్రం పాపను ట్యూషన్ నుంచి తేవడానికి ఆలస్యమై, సెక్టర్ 7 దగ్గర రెడ్ లైటు దాటేశాను. స్కూటీ మావయ్య పేరున ఉండడంతో చలానా ఆయన ఫోనుకే వచ్చింది. ఫొటోలో నంబరు ప్లేటు తప్ప ఏమీ తెలియడం లేదు.

“ఆ సాయంత్రం నానూ బండి తీశాను కదమ్మా. లైటు కనపడలేదంటే సూపు తగ్గిపోనాదన్నమాట,” అంటూ తాళం నా చేతిలో పెట్టేశారు. వాదనలో ఓడిపోతానని నేను నోరు విప్పలేదు. వారం రోజులు ఆయన ఎండలో నడుచుకుంటూనే బజారుకు వెళ్లారు.

చివరికి ఆయన్ని కళ్ల డాక్టరుకు చూపించాను. చూపు బాగానే ఉందన్నారు. బయటికి రాగానే మావయ్య ఆగి నావైపు తిరిగారు.

“కళ్లు బాగుంటే మరి నా బుర్రకేటయిందమ్మా?”

ఇక ఆగలేక, “దాటింది నేను మావయ్యా,” అని ఏడ్చేశాను.

ఆయన కోప్పడలేదు. బెంచీ మీద కూలబడి, “హమ్మయ్య, అయితే నాకేటీ అవలేదు,” అని కళ్లు తుడుచుకున్నారు. చిన్న తప్పు ఒప్పుకోలేక, అంతటి మనిషిని తన బుర్రనే అనుమానించుకునేలా చేశాను. ఆ “హమ్మయ్య” గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.