పది లక్షల తొమ్మిది

మొన్న మనుమరాలి చేత ఫోనులో పది లక్షల తొమ్మిది అని కొట్టించి, దీన్ని ఏవి భాగిస్తాయో అడగమన్నాను. ఆమె వేలు తీయకముందే జవాబు వచ్చింది: రెండు వందల తొంభై మూడు, మూడు వేల నాలుగు వందల పదమూడు. నాకు సంతోషం కలగలేదు సరికదా, యాభై ఏళ్ల నాటి కోపం మళ్ళీ రగిలింది.

అరవైల చివర గోదావరిఖని గనిలో, మా మాటలో బాయిలో, బొగ్గు నింపేవాణ్ణి. పొట్లాల కాగితాలూ, పాత లెక్కల పుస్తకాలూ చదివి నేర్చుకున్న ధైర్యంతో, పనిస్థలాల భద్రత చూసే సర్దారు పరీక్ష రాస్తానని దరఖాస్తు పట్టుకుని మా ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. ఆయన సంతకం లేనిదే పరీక్ష లేదు, పరీక్ష లేనిదే బతుకంతా తట్టే. షిఫ్టులోని వాళ్ళంతా చూస్తుండగా ఆయన నా కాగితం వెనక ముందు ఒకటి, చివర తొమ్మిది, నడుమ ఐదు సున్నాలు గీసి, "ఒకటీ అదీ తప్ప దీన్ని ఏదీ భాగించదు. భాగించేది పట్టుకురా, సంతకం పెడతా. తట్ట మోసేవాడికి పరీక్షలట!" అన్నాడు. అందరూ నవ్వారు. నాతో జోడీగా నింపే మా బావ కూడా నవ్వాడు.

రెండు సంఖ్యల గుణకారమే అయితే అందులో ఒకటి వెయ్యి లోపే ఉండాలనీ, మూడు భాగించనిదాన్ని తొమ్మిదితో చూడనక్కర్లేదనీ నాకు నేనే తెలుసుకున్నాను. నిండిన టబ్బు, అంటే బొగ్గు తొట్టిబండి మీద మా నంబరు వేసే సుద్దముక్కతోనే, తాడు దాన్ని పైకి లాగేదాకా, దాని పక్కల మీదే భాగహారాలు చేసేవాణ్ణి. ఏడుకు మూడు మిగిలింది, పదమూడుకు పది మిగిలింది, కొన్నిసార్లు సగం లెక్కతోనే టబ్బు పైకి వెళ్ళిపోయేది. "ఏంది బావా, సున్నాలు తిని బతుకుతవా? జల్ది నింపు!" అని మా బావ ఎత్తిపొడిచేవాడు.

అట్లా అరవై ఒక్క సంఖ్యలు ఓడిపోయాయి. అరవై రెండోది రెండు వందల తొంభై మూడు. శేషం సున్నా. బావ చాలాసేపు చూసి, తన సుద్దముక్క కూడా నా చేతిలో పెట్టి, "పెద్దగ రాయి బావా, గుడ్డోనికి గూడ కనవడాలె" అన్నాడు. నంబరు లేని టబ్బు మా కూలి లెక్కలోకి రాదని తెలిసీ, నంబరు వేసే చోట ఆ గుణకారమే రాసి పంపాము.

ఇంజనీరు బాయి పైన, టబ్బులు బయటికి వచ్చే చోటే ఉన్నాడు. జేబు పుస్తకంలో రెండుసార్లు హెచ్చవేసి చూసుకుని, సంతకం పెడుతూ, "నిన్ను పరీక్షించానంతే" అన్నాడు. తప్పు చెప్పానని అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే నేను ఆనాడే మరిచిపోయేవాణ్ణి.

సర్దారునయ్యాక, చూసిన ప్రతి చోటా తేదీ, పొడి సంతకం సుద్దతో వేయాలన్నది నియమం. నా సంతకం కింద రెండు వందల తొంభై మూడు కూడా వేసేవాణ్ణి. ఆ ఇంజనీరు తనిఖీకి వస్తే నెత్తి మీది దీపం దాని మీద పడేది, మొహం తిప్పుకునేవాడు, అటువైపు గోడ మీదా అదే ఉండేది. ఆయన బదిలీ అయ్యేదాకా నేను ఒక్కనాడూ మానలేదు.

ఇప్పుడు పిల్లలు ఏది అడిగినా ఫోను నవ్వకుండా చెబుతుంది, మంచిదే. నన్ను చూసి ఎవరూ నవ్వకపోతే నేను ఇంత నేర్చేవాణ్ణా అన్నది మాత్రం అది చెప్పదు. బావ పోయాడు. బాయి మూసి ఇసుక నింపారు. ఆ ఇసుక వెనక, ఏ దీపమూ పడని గోడ మీద నా రెండు వందల తొంభై మూడు ఇంకా ఉండే ఉంటుంది. ఉండాలె.