మేడ మీద వంగమొక్కలు

మా నాన్న గోదావరి లంకలో వంగతోట వేసేవాడు. మర్నాడు సంతకి కోయబోయే కాయల మీద ముందురోజు సాయంత్రం పురుగుమందు కొట్టడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఇంట్లో వండుకునే కాయలకి మాత్రం మందు కొట్టని మడి వేరే ఉండేది. పెళ్లయి రాజమండ్రిలో అపార్ట్‌మెంటుకి వచ్చాక, బజారు వంకాయ కొనాలంటే నాకు చెయ్యాడేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేడ మీద నేనే మొక్కలు వేశాను. పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, లంక నుంచి తెప్పించిన ఒండ్రుమట్టి. కాకరకాయంటే మొహం తిప్పుకునే మా అమ్మాయి, తను నీళ్లు పోసిన పాదు కాయల్ని అడిగి మరీ వేయించుకుని తినేది. ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చే మా ఆయన తిన్నగా మేడెక్కేవారు.

ఒకసారి అన్నవరంలో వ్రతం చేయించుకుని వచ్చేసరికి మేడ ఖాళీగా ఉంది. పక్క స్థలంలో డబ్బాలు పగిలి, కాయలతో ఉన్న వంగమొక్కలు వేళ్లు తేలి పడున్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. వెళ్లి అసోసియేషన్ సెక్రటరీ గారి తలుపు కొట్టాను.

"మొక్కలు పారేయించింది మీరేనా అండి?"

"స్లాబు చెమ్మెక్కుతుందని చెప్పానుగదండి."

"ఎక్కడ ఎక్కిందో చూపించండి."

"రెండు వంకాయల కోసం ఇంత గొడవేంటండి? బజార్లో దొరకవా?"

ఆ మాటతో నాకు మొహమాటం పోయింది. మాకు కారు లేదు. కింద మా వాటా పార్కింగులో ఆయన రెండో కారు పెట్టుకుంటున్నా ఏనాడూ ఏమీ అనలేదు.

"మేడ అందరిదీ, సరే. కింద జాగా మాదేగా. మీ కారు తీయించండి."

"ఇప్పటికిప్పుడా అండి?"

"ఇప్పుడే."

మా ఆయన "పోనీలేవే" అన్నారు. నేను పోనివ్వలేదు. ఆ సాయంత్రమే సెక్రటరీ గారు కారు తీశాక, చెదిరిన మట్టి గోనెసంచుల్లోకి ఎత్తుకొచ్చి పార్కింగులో మొక్కలు పెట్టాం. పొద్దు వాలేటప్పుడు పడే కాస్త ఎండ చాలక వంగ గిడసబారింది. బచ్చలి మాత్రం గోడంతా పాకింది, పుదీనా గుబురుగా పెరిగింది.

కొన్నేళ్లకి మేడ తోటలు ఫ్యాషనయ్యాయి. పేపర్లో ఫొటోలు వచ్చాయి. ఆ సెక్రటరీ గారే మేడ మీద కుండీలు పెట్టించి, పుదీనా కొమ్మలిమ్మని మా ఇంటికొచ్చారు. "ఇంట్లో పండించుకుంటే ఆరోగ్యమండి" అని నాకే చెప్పారు. కొమ్మలు కోసిచ్చాను, మొక్కలేం పాపం చేశాయి. కూర్చోమని మాత్రం అనలేదు. ఈరోజుకీ ఆయన కుండీలు కంటబడితే నాకు నెత్తురు మరుగుతుంది.