విజయ చుక్కలు, నా కుడి చెయ్యి

ఆ రోజు నాకేదో అయిందని నా చేతికి తెలిసింది గానీ నాకు తెలియలేదు. 2020, కోవిడ్ వార్డు. అబుదాబీలో ఒక ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఊపిరి అందని పేషెంట్లను బోర్లా తిప్పి పడుకోబెట్టేవాళ్ళం. ఆ రోజు తిప్పుతున్నది భారీ మనిషి. సగంలో ఆయన నా వైపు జారాడు. పడిపోకుండా కుడి చేత్తో ఆపాను. మెడకీ భుజానికీ మధ్య ఏదో తాడు సాగినట్టయింది. పీపీఈ లోపల చెమటలో అదీ ఒక నొప్పే అనుకుని డ్యూటీ పూర్తి చేశాను.

మర్నాడు బనియాస్‌లోని మా ఫ్లాట్‌లో టీ గ్లాసు పట్టుకుంటే బొటనవేలికి వేడి తెలియలేదు. కాసేపటికి చున్నీ అంచు చేతికి తగిలితే మాత్రం కేక పెట్టాను. వేడి తెలియని చెయ్యి బట్ట తగిలితే మండడమేమిటి? నర్సుని అయ్యుండి నాకే అర్థం కాలేదు.

"మజిల్ పట్టేసుంటది రత్నా, కాపడం పెట్టుకో," అన్నాడు మా ఆయన సుందర్. ఆయన ముసఫ్ఫాలో ఒక వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్. అక్కడ ఏ నొప్పికైనా కాపడమే మందు.

ఎక్స్‌రే నార్మల్ అన్నారు. మెడకి MRI తీస్తే అదీ నార్మలే. రిపోర్టులు బాగున్న కొద్దీ నాకు భయం పెరిగింది. కల్పించుకుంటున్నానని తోటివాళ్ళు అనుకుంటారేమోనని వార్డులో చెయ్యి పట్టుకోవడం కూడా మానేశాను. చివరికి న్యూరాలజిస్ట్ EMG అనే నరాల పరీక్ష చేయించి, "బ్రేకియల్ ప్లెక్సస్ స్ట్రెచ్ ఇంజ్యురీ. నర్వ్స్ హీల్ స్లోలీ, సిస్టర్," అన్నాడు. అంటే మెడ నుంచి చేతిలోకి వెళ్ళే నరాలు సాగాయి, మెల్లగా మానతాయి. ఎంత స్లో అని అడిగితే చేతులు చాపి నవ్వాడు. పచ్చిమిరపకాయలు నూరిన చేతిని పొయ్యి దగ్గర పెడితే ఎలా ఉంటుందో, భుజం నుంచి వేళ్ళ దాకా అలా ఉండేది.

నరాల నొప్పికి ప్రీగాబలిన్ మాత్రలు మొదలుపెట్టారు. మంట కొంచెం తగ్గింది, దాంతోపాటు నా బుర్ర కూడా తగ్గింది. మందుల గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోయేదాన్ని. మా అమ్మాయి స్టెల్లా అప్పుడు ఆరో క్లాసు. హోమ్‌వర్క్‌లో ఏదో అడిగితే తెలుగు మాట గుర్తురాక ఏడ్చేశాను. "మమ్మీ, నువ్వు నిద్రలో ఉన్నావా?" అంది. డోస్ తగ్గిస్తే మంట, పెంచితే మత్తు. నరాన్ని మొద్దుబార్చే నర్వ్ బ్లాక్ ఇంజక్షన్ చేశారు. కొన్నాళ్ళు స్వర్గంలా ఉంది. మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ సమయంలోనే కెనడాలో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "ఇక్కడైతే ఇలాంటి నొప్పికి డాక్టర్లే గంజాయి రాసిస్తారక్కా," అంది. ఫోన్ చెవికి దూరంగా పెట్టాను, ఆ మాట గోడలకి వినపడుతుందేమో అన్నట్టు. ఇక్కడ గసగసాలు కూడా మత్తుమందు కిందే లెక్క, మేం తెచ్చుకోం. మా చెల్లి మేరీ పంపే మసాలా పొడిలో అవి వెయ్యొద్దని ప్రతిసారీ చెప్పాలి. అలాంటి చోట ఉంటూ గంజాయి మాటేమిటి? "ఇంకెప్పుడూ ఫోన్‌లో ఆ మాట ఎత్తకు," అని పెట్టేశాను.

ప్రయాణాలు కుదుటపడ్డాక లీవు మీద విజయవాడ వెళ్ళి మేరీ ఇంట్లో ఉన్నాను. తను నా చెయ్యి చూసి ఒక ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దాయన, నిదానస్తుడు. నాడి చూసి, నా రిపోర్టులన్నీ చదివి, చీటీ రాసి, చిన్న సీసా ఇప్పించారు. "విజయ అమ్మా. నాలుక కింద చుక్కలు వేసుకో. వాతం మీద పనిచేస్తుంది." విజయ అంటే కంపెనీ పేరనుకున్నాను.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత ఒక పొద్దున లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చి ఉంది. అంతసేపు నిద్రపోయానని నమ్మలేకపోయాను. ఆ వారంలోనే కుడి చేత్తో తల దువ్వుకున్నాను. మంట ఉంది, కానీ పక్కగదిలో మాట్లాడుకుంటున్న మనుషుల్లా దూరంగా ఉంది. మేరీ నన్ను పట్టుకుని, "ప్రభువు చూశాడక్కా," అని ఏడ్చింది.

తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతూ, ఎయిర్‌పోర్టులో అడిగితే చెప్పాలి కదా అని సీసా అట్టపెట్టె మీది సన్న అక్షరాలు చదివాను. ఇంగ్లిష్‌లో ఉంది: కానబిస్. పెట్టె మేరీకి చూపించాను.

"గంజాయా?" మేరీ గొంతు తగ్గించింది. "పోలీసులు లారీల్లో పట్టుకునేదేనా అక్కా?"

డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తొణకలేదు. "విజయ అంటే అదేనమ్మా, ఆకు నుంచి తీసింది. మన దగ్గర చట్టప్రకారం, చీటీ మీద ఇచ్చే మందే. తప్పేం లేదు."

"నేను అబుదాబీ తిరిగి వెళ్ళాలండీ!"

"అబుదాబీయా? ముందే చెప్పాలి కదమ్మా."

"మీరు అడగలేదు కదండీ."

ఎవరి తప్పో నాకిప్పటికీ తేలలేదు.

సీసా వదిలేస్తే సరిపోదు. ఒంట్లో ఉన్నదాని సంగతేమిటి? టెస్ట్ చేస్తే బయటపడుతుంది. ఉద్యోగం, లైసెన్స్ మాట అటుంచి, జైలు. సుందర్‌కి ఫోన్ చేసి ఆ పేరు పలకలేక, "ఆ మందు పచ్చాకు మందంట అండీ, అక్కడ పనికిరాదంట," అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"టికెట్ మార్చేస్తాను. ఒంట్లోంచి పోయేదాకా రాకు," అన్నాడు. మళ్ళీ ఆగి, "మరి నొప్పి?" అన్నాడు.

అదే కదా ప్రశ్న. విజయవాడలో ఉండిపోతే చెయ్యి నాది, అబుదాబీ వెళితే కూతురు నాది. ఒకచోట మందు, ఇంకోచోట నేరం. మనిషిని మాత్రం నేనొక్కదాన్నే. ఏది న్యాయమో ప్రార్థనలో కూడా అడగడం తెలియలేదు. చుక్కలు మానేశాను. కొద్దిరోజుల్లో మంట పక్కగదిలోంచి లేచి నా మంచం మీదికే వచ్చింది. ల్యాబ్‌లో యూరిన్ టెస్ట్ మళ్ళీ మళ్ళీ చేయించుకుంటూ, అది నెగటివ్ వచ్చాకే విమానం ఎక్కాను. ఇమ్మిగ్రేషన్ దగ్గర అధికారి పాస్‌పోర్ట్ వైపు చూస్తున్నంతసేపూ నేను కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆయన స్టాంపు వేసి, "యల్లా, సిస్టర్," అన్నాడు, ఇక వెళ్ళమని.

పెయిన్ క్లినిక్ డాక్టర్‌కి చెప్పాలా వద్దా అని చాలా మథనపడ్డాను. సుందర్ వద్దంటే వద్దన్నాడు. కానీ చెప్పకపోతే డాక్టర్ వైద్యం సగం చీకట్లో చేసినట్టే. చెప్పాను. ఆయన లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"ఇక్కడ అది నేను రాయలేను, వాడమని చెప్పలేను. ఆ దారి మర్చిపోండి," అన్నారు. "బట్ యువర్ రిలీఫ్ వాజ్ రియల్, సిస్టర్. మీకు నిద్రొస్తే నొప్పి తగ్గుతుందని తెలిసింది. అక్కడి నుంచి మొదలుపెడదాం."

ప్రీగాబలిన్ మెల్లగా తగ్గించి, దాని బదులు డులోక్సెటిన్ అనే మాత్ర ఇచ్చారు. ఫిజియోథెరపిస్ట్, చేతికి తాకిడి అలవాటయ్యేందుకు, రోజూ దూది, తర్వాత పట్టు, తర్వాత గరుకు టవల్‌తో చేతిని రుద్దుకోమంది. మొదటి రోజుల్లో దూదికే పళ్ళు బిగపట్టాల్సొచ్చింది. మధ్యలో ఒకసారి భుజం బిగుసుకుపోయి మొత్తం మానేశాను. స్టెల్లాయే టవల్ తెచ్చి, "నేను చేస్తా, నువ్వు అరుచుకో," అనేది. అరిచేదాన్ని.

ఇప్పుడు వార్డులో లేను. డిశ్చార్జ్ అయిన పేషెంట్లకి ఫోన్ చేసి మందుల సంగతి చూసే డెస్క్‌లో ఉన్నాను. నొప్పి పోలేదు. చున్నీ మాత్రం వేసుకోగలుగుతున్నాను. ఏసీ గాలి సూటిగా తగిలితే ఇప్పటికీ చేతిని పొట్టకి అదుముకుని దాచుకుంటాను. విజయవాడలో నన్ను నిద్రపుచ్చింది ఆ చుక్కలో, డ్యూటీ లేని ఉదయాలో, చెల్లెలి చేతి అన్నమో నాకు తెలియదు. చుక్కలేనని చెయ్యి అంటుంది. బుర్ర ఒప్పుకోదు.

తెలిసింది ఒక్కటే, అదే చెబుతాను. ఇంటికెళ్ళినప్పుడు ఏ వైద్యం చేయించుకున్నా, ఆకు పసరైనా సరే, "ఇందులో ఏముంది?" అని అడిగి, నేను ఫలానా దేశంలో ఉంటానని మొదటి మాటగా చెప్పండి. అడిగితే పెద్దాయన నొచ్చుకుంటారని మొహమాటపడకండి. నొప్పితో ఉన్న మనిషి మందు పేరు చదవకుండానే నోరు తెరుస్తుంది. నేనూ అలాగే తెరిచాను.