పక్క సీటు బరువు

మా పాత కారుకి చక్రాల అలైన్‌మెంట్, అంటే అవి తిన్నగా ఉన్నాయో లేదో, ఇంట్లోనే చూసుకోవడం నా పిచ్చి. షాపులో ఖాళీ కారునే మెషీనెక్కించి కొలుస్తారు. ఖాళీ కారులో ఎవడు తిరుగుతాడని నా వాదన. అందుకే సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో కారుకి రెండు వైపులా దారం లాగి కట్టేవాణ్ణి. స్టీరింగు దగ్గర బావమరిదిని, పక్క సీట్లో నా భార్యను కూర్చోబెట్టి, చక్రం ముందంచుకీ వెనకంచుకీ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూసేవాణ్ణి. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. కదలొద్దంటే, తుమ్మినా తప్పేనేటి అని ఎగతాళి చేసేది.

ఈ వానాకాలం ఆవిడ పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం.

ఆ తర్వాత కారు ఎడమకి లాగడం మొదలెట్టింది. టైరు ఒక అంచున అరిగి గుండైపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక బావమరిది స్పానర్లు పట్టుకొచ్చాడు. నాకు మోకాళ్ళు వంగడం లేదు కాబట్టి ఈసారి కొలత వాడిది, స్టీరింగు నాది. దారం కట్టడం అయ్యి నేను స్టీరింగు ముందు కూర్చున్నాక వాడు పైకెళ్ళి బియ్యం బస్తా మోసుకొచ్చాడు. పక్క సీటు తలుపు తీశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మీ అక్క కూర్చునే చోట బస్తా పెడతావా, బుద్ధుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

"బరువుండాలని నువ్వే కదా అంటావు బావా. అక్క నేదు మరి. నానేటి సేత్తాను?"

వాడిదేం తప్పు, పద్ధతి నాదే. బస్తా పెట్టనిద్దామనే అనిపించింది. అప్పుడు కారైనా మా ఇద్దరి లెక్కన ఉంటుంది. కానీ రోజూ మధురవాడ ఆఫీసుకి వెళ్ళేది నేనొక్కణ్ణే. ఆవిడ లేదన్న మాట నేను ఎవరితోనూ అనలేదు. సమాధి దగ్గర కూడా, జనం అంటుంటే తలూపానంతే.

"దించీరా," అన్నాను. "ఇంక నానొక్కణ్నే."

వాడు బస్తా గోడవారన దించి, నట్టు వదులు చేసి, తిప్పి, కొలిచాడు. ఎప్పుడూ పూటంతా తినే పని చిటికెలో కుదిరిపోయింది.

"ఏనాడూ ఇంత సరిగ్గా రానేదు బావా," అన్నాడు సంబరంగా.

అన్నాక వాడికి అర్థమైంది. స్కేలు పట్టుకుని టైరు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఆవిడ లేకపోతేనే కుదిరిన ఆ కారు మీద నాకు అసహ్యం వేసింది. స్టీరింగు ముందు నుంచి లేవలేక, వాడు వింటున్నాడని కూడా చూడకుండా ఏడ్చాను.