ట్యూబ్‌లైట్ కింది ముఖాలు

మాస్టారు పోయారు. ఆ సంగతి వాళ్ళమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. "మీ మాస్టారు పోయారే. టిఫిన్ తినేసి రా, ఇక్కడ ఈ పూట పొయ్యి వెలిగించం" అంది. గొంతులో తడి లేదు. నేను అక్కా అని పిలిచే ఆ మనిషి, చాలా ఏళ్ళుగా నా దగ్గర ఆయన్ని "నాన్న" అనడం మానేసి "మీ మాస్టారు" అంటోంది. ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మర్నాడు హిందీ పేపర్లన్నీ ఆయన్ని ఆకాశానికెత్తేశాయి. ఢిల్లీ నుంచి ఒకాయన "కరుణ నిండిన కుంచె" అని రాశాడు. చదివి నవ్వొచ్చింది. మాస్టారిలో కరుణ ఎక్కడైనా ఉందేమోనని నేను ఇరవై ఏళ్ళు వెతికాను. ఆయన గొప్ప చిత్రకారుడు, అందులో అనుమానం లేదు. మంచి మనిషి అని మాత్రం నాతో ఎవరూ అనిపించలేరు. ఆయన నేర్పిన విద్యతోనే ఈ ఊళ్ళో అన్నం తింటున్నాను కనక, ఈ రెండు మాటలూ ఒకేసారి అనే హక్కు నాకుందనుకుంటాను.

నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది మా నాన్న. రాయ్‌పూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నాన్న రైల్వేలో గూడ్సు క్లర్కు. మాస్టారిదీ మాలాగే శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగం కోసం వచ్చి రాయ్‌పూర్‌లో దిగిపోయిన కుటుంబమే. ఆయన మాత్రం రైల్వేలో చేరకుండా ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేస్తూ, శంకర్ నగర్‌లో ఓ మేడమీద అద్దెకుండేవారు. నేను మా నాయనమ్మ బొమ్మ గీసి పట్టుకెళ్ళాను. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్న బొమ్మ. మాస్టారు దాన్ని ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్ళి చూశారు.

"ఏటే ఇది, ముసిల్దా, మైదా ముద్దా? మడతలేవి? ఇస్త్రీ చేసీసినావేటి?"

నాకు ఏడుపొచ్చింది. నాన్న ఏదో సర్దిచెప్పబోయారు. మాస్టారు నాన్నకేసి తిరిగి, "మీరలగ కూకోండి. మీ బొమ్మ గీస్తాది" అన్నారు. నాన్న జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, కాలరు సర్దుకుని, నవ్వు ముఖం పెట్టుకుని కూర్చున్నారు. మే నెల. మాస్టారు లేచి ఫ్యాను ఆపేశారు. నేను బొగ్గు ముక్క తీసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇప్పుడే ముట్టకు. మర్యాదంతా కారిపోనీ."

అదీ ఆయన పద్ధతి. ఎదురుగా కూర్చున్న మనిషికి చెమట పట్టాలి, నడుం నొప్పెట్టాలి, నవ్వి నవ్వి దవడలు లాగాలి. అప్పుడు కానీ ఆయన చెయ్యి కదిలేది కాదు. నాన్న నవ్వు కాసేపటికి వంకరైంది, తర్వాత జారిపోయింది. కింది పెదవి వేలాడింది. గూడ్సు షెడ్డులో ఎవడెవడితోనో మాటలు పడి ఇంటికొచ్చి మాకు చూపించని ముఖం ఒకటి బయటికొచ్చింది. "ఆఁ, ఇప్పుడు గీయి" అన్నారు మాస్టారు. గీశాను. నాన్న చూసి "బావుందమ్మా" అన్నారు. స్కూటర్ తియ్యబోతూ అద్దంలో ముఖం చూసుకుని, అద్దాన్ని పక్కకి తిప్పేశారు. కానీ మరుసటి ఆదివారం నన్ను మళ్ళీ తీసుకెళ్ళిందీ ఆయనే.

అలా వచ్చి కూర్చున్నవాళ్ళ మీద దయ చూపించేది మాస్టారి భార్య ఒక్కతే. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆయన చేతులు కడుక్కోడానికి లోపలికెళ్ళగానే చప్పుడు కాకుండా వచ్చి ఫ్యాను వేసేసి, మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి పోయేది. ఆయనొచ్చి మళ్ళీ ఆపేసేవారు. ఇద్దరూ ఈ విషయం మీద ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ఆమె వేస్తూ ఉండేది, ఆయన ఆపుతూ ఉండేవారు.

బొమ్మల సంగతికొస్తే, ఆయన పగటి వెలుతురులో పని చేసేవారు కాదు. కిటికీలు మూసేసి, ట్యూబ్‌లైట్ వేసుకునేవారు. "ఎండకేటి, అందర్నీ అందంగా చూపించేస్తాది. ఇక్కడ నిలబెట్టి సూడు మనిషిని" అనేవారు. వాడే రంగులు నాలుగైదు, అన్నీ బూడిదా మట్టీ మధ్యలోవి. రంగు మందంగా పూసి, ఆరకముందే కత్తితో గీకేసేవారు. గీకగా మిగిలిందే ముఖం. కళ్ళు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వేసేవారు. ముందే వేస్తే బొమ్మ మనకేసి చూసి జాలి పుట్టిస్తుందట, ఇంక చెయ్యి ఆడదట.

పండరీ బజార్లో బట్టల వ్యాపారం చేసే సేఠ్ ఒకాయన, పోయిన వాళ్ళ నాన్న బొమ్మ వెయ్యమని ఫోటో తెచ్చిచ్చాడు. మాస్టారు ఆ ముసలాయన్ని బతికుండగా దుకాణంలో చూసి ఉన్నారు. ఫోటో పక్కన పడేసి, గుర్తున్న మనిషిని వేశారు. గద్దె మీద కూర్చుని, ఎదురుగా నిలబడ్డవాణ్ణి పురుగును చూసినట్టు చూస్తున్న మనిషి. దాన్ని పట్టుకుని ఇద్దరం వాళ్ళింటికెళితే, సేఠ్ బిత్తరపోయి, "యే హమారే పితాజీ నహీఁ హైఁ, మాస్టర్‌జీ" అన్నాడు. మా నాన్నగారు కాదంటే కాదని గొడవ. లోపల్నుంచి వాళ్ళమ్మగారిని పిలిపించారు. ఆవిడ బొమ్మ ముందుకొచ్చి, గభాలున కొంగు నెత్తిమీంచి ముఖం మీదికి లాక్కుని, "యహీ థే" అంది. ఈయనే. అని, గోడ పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. సేఠ్ ఆ బొమ్మను గోడౌన్‌లో గోడకేసి తిప్పి పెట్టించాడని విన్నాను. ఆ రోజు తిరిగొస్తూ మాస్టారు ఈల వేశారు. ముసలావిడ గోడ పట్టుకోవడం నేను చూశాను. ఆయన కూడా చూశారు, అందుకే ఆ ఈల.

తర్వాత పిన్నిగారికి కేన్సర్ వచ్చింది. మందులకి జుట్టంతా ఊడిపోయింది. తలకి స్కార్ఫ్ కట్టుకుని, ఎవరైనా వస్తే అది సర్దుకుంటూ కూర్చునేది. మాస్టారు తనకేసి చూసే చూపు ఆమెకి అర్థమైపోయింది. ఒకరోజు నా ముందే అంది. "నన్ను ఇలగ గీయకండి. ఒద్దండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన గీశారు. మధ్యాహ్నం మందు మత్తులో ఆమె నిద్రపోతున్నప్పుడు, మెలకువ రాకుండా ఆ స్కార్ఫ్‌ను మెల్లిగా లాగి పక్కన పెట్టేవారు. పని అయ్యాక మళ్ళీ కప్పేవారు. అక్క ఒకనాడు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. వాళ్ళమ్మ లేస్తుందని అరవలేకపోయింది.

బొమ్మ పూర్తయ్యాక పిన్నిగారు చూడనే చూసింది. చాలాసేపు చూసి, "ఇలగున్నానా?" అంది.

"ఇలగే ఉన్నావు."

"అయితే నేను పోయాక దీన్నెవరికీ చూపించకండి."

"సరే" అన్నారు మాస్టారు.

ఆమె సంవత్సరీకం కాకుండానే ఆ బొమ్మ ఢిల్లీ వెళ్ళింది. దాంతోనే ఆయన పేరు మారుమోగింది. శంకర్ నగర్ మేడమెట్ల మీద కెమెరాలు ఎక్కడం మొదలైంది. ఆ బొమ్మ ముందు జనం నిలబడి ఏడ్చారట. నేనూ ఏడ్చాను. నున్నటి తల మీద స్కార్ఫ్ ముడి ఒత్తుకున్న గీత, తెరుచుకున్న నోరు, దుప్పటి అంచును పట్టుకున్న వేళ్ళు. ఒక మనిషిని ఇంకో మనిషి అంత శ్రద్ధగా చూడడం నేనింకెక్కడా చూడలేదు. అబద్ధం ఉన్న బొమ్మైతే ఆయన్ని హాయిగా తిట్టుకునేదాన్ని.

అక్క అడిగింది. "అమ్మకి మాటిచ్చారు కదా. వెనక్కి తెప్పించండి."

"మాటిచ్చింది మొగుడు. బొమ్మేసినోడు ఇవ్వలేదు" అన్నారాయన, కుంచె తుడుచుకుంటూ. ఇవ్వమన్నా ఇచ్చేవాళ్ళు లేరప్పటికి, అది అమ్ముడైపోయి ఎవరి గోడకో ఎక్కేసింది. అక్క బట్టలు సర్దుకుని అదే ఊళ్ళో తెలీబంధాలో ఒక ఫ్లాట్ తీసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ఒద్దన్న ముఖాన్ని ఊరూపేరూ తెలియనివాళ్ళు టీ తాగుతూ చూస్తున్నారన్న ఊహ తనని నమిలేసేది. ఎన్నోసార్లు నాతో ఈ మాటే అంది.

పోయినేడాది మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది. అక్కే తన ఫ్లాట్‌కి తెచ్చుకుంది. స్నానం చేయించేది, తినిపించేది, మూతి తుడిచేది. ఏ లోటూ చెయ్యలేదు. అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ గదిలో ఫ్యాను మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది.

నన్ను పిలిపించి తన బొమ్మ గీయమన్నారు మాస్టారు. మాట ముద్దముద్దగా వచ్చేది. "ఉన్నోణ్ణి ఉన్నట్టు. జాలి పడ్డావంటే సింపీస్తాను" అన్నారు. ఎడం చెయ్యి ఒక్కటే ఉన్నా ఆ పని చెయ్యగలరు. చాలా మధ్యాహ్నాలు కూర్చుని గీశాను. చొంగ కారే మూల, వేలాడే చెంప, మిగిలిన ఒక పక్క ముఖంలో తగ్గని పొగరు. కళ్ళు ఆఖర్న వేశాను. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూపిస్తే, "బావుంది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. వంటింట్లోకెళ్ళి కొళాయి తిప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత తిట్టుకున్నా నాకాయనంటే ప్రాణం.

తిరిగొచ్చేసరికి ఆయన అక్కతో చెబుతున్నారు. "నేను పోయాక ఇదే పెట్టు. ఫోటో ఒద్దు. నవ్వు ముఖం అసలొద్దు."

"సరే" అంది అక్క.

ఆయన అక్క ముఖంలోకి చాలాసేపు చూశారు, ఫ్యాను ఆపి మనుషుల్ని చూసేవారే, ఆ చూపు. ఆయనకు అర్థమైందనే నాకనిపించింది. "మంచినీళ్ళియ్యి" అన్నారంతే.

ఆయన పోయిన మూడోరోజు అక్క నన్ను ఫ్లెక్సీలు వేసే షాపుకి తీసుకెళ్ళింది. ఎవరిదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి మాస్టారి తల కత్తిరించి పెద్దది చేయించింది. ఫోటోలో ఆయన ముఖం మాడ్చుకునే ఉన్నారు.

"భయ్యా, థోడీ ముస్కాన్ ఆ జాయేగీ?" అని అడిగింది. కాస్త నవ్వు వస్తుందా అని.

"ఆ జాయేగీ, దీదీ" అన్నాడు షాపతను. పెదవుల చివర్లు పైకి లేచాయి. నుదుటి మడతలు పోయాయి. కళ్ళ కింద సంచులు పోయాయి. అక్క కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి, "గాల్ థోడా గులాబీ కర్ దో" అంది. బుగ్గలు గులాబీ రంగుకి తిరిగాయి. వెనక నీలాకాశం, కింద తామరపువ్వు, పక్కన దీపం.

"అక్కా, ఆయన అడిగిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి?"

"అమ్మ కూడా అడిగింది" అంది, నాకేసి చూడకుండా.

నేను గీసిన బొమ్మ చుట్టచుట్టి నాకే ఇచ్చేసింది. ఎవరికీ చూపించవద్దంది. నేను మాత్రం సరే అనలేదు.

పదో రోజున తెలీబంధాలో ఆ అపార్ట్‌మెంట్ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఢిల్లీ వాళ్ళు వచ్చారు, కరుణ గురించి రాసినాయనా వచ్చాడు. గేటు దగ్గర ఆగి, నవ్వుతున్న మాస్టారిని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చేతులు జోడించి లోపలికి నడిచారు. భోజనాలయ్యే వేళకి గాలి లేచి ఒక పక్క తాడు వదులైంది. మాస్టారి ముఖం మధ్యకి మడత పడి వేలాడింది. ఎవరో పిలుస్తున్నా వినిపించుకోకుండా అక్క స్టూలు తెచ్చుకుని ఎక్కింది. తాడు లాగి, ఫ్లెక్సీ మీద ఎక్కడా ముడత లేకుండా బిగించి, ముడి మీద ముడి వేసింది. దిగబోతూ ఆగి, చున్నీ కొస తీసుకుని ఆయన గులాబీ బుగ్గ మీద పడ్డ దుమ్ము తుడిచింది.