మా బిడ్డ గీకిన కాపర్ వైరు

నేను ఐదో తరగతి దాంకనే సదివిన. ఇట్ల రాసుడు ఇదే మొదలు, జర భయమైతుంది. తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్నప్పటి ముచ్చట ఇది. నేను దిల్‌సుఖ్‌నగర్ల ఒక సర్కారు బళ్ళె ఆయమ్మను. మా బిడ్డ అదే బళ్ళె పదో తరగతి. మా ఆయన ఎల్‌బీనగర్ల ఫ్యాన్లకు, మోటర్లకు వైండింగ్ చేస్తడు.

బంద్ ఉంటే షాపు బంద్, బడి బంద్. ముగ్గురం ఇంట్లనే కూసోని కాయిల్స్ చుట్టేటోళ్ళం. మంచిగనిపించేది. మా ఆయన కంటే మా బిడ్డ చుట్టుడే సాపుగుండేది. గంత పని ఒచ్చిన పిల్ల, "అమ్మా, పదైనంక సైన్స్ తీస్కోను, అది మొగపిలగాండ్లది" అంటుండె. ఎందుకే అంటే చెప్పకపోయేది. నాకు మనసు నిమ్మలం లేకుండె.

బడి తెరిసినంక ఒకరోజు ల్యాబ్ ఊడుస్తుంటే సమజైంది. మొగపిలగాండ్లు సామాను చుట్టు గుమిగూడిండ్రు. ఆడపిల్లలు ఎనక బెంచీల మీద రికార్డులు రాస్తుండ్రు, తమయీ, మొగపిలగాండ్లయీ. రాత మంచిగుంటదని వాళ్ళకే ఇస్తరంట. ఎవ్వరు పెట్టిన రూలు కాదు, అట్లనే నడుస్తుంది.

ఆ రోజు ఇనుప మేకుకు కాపర్ వైరు చుట్టి, బ్యాటరీకి పెట్టి అయస్కాంతం చేసుడు. ఒక్క గుండుసూది లేవలే.

"బ్యాటరీ అయిపోయింది సార్" అన్నడొక పిలగాడు.

సార్ ఆంధ్ర దిక్కాయన, మంచోడు. "కొత్త బ్యాటరీయే కదరా, ఏమైంది దీనికి?" అని ఆయన గూడ పరేషాన్.

వైరు కొసలకు వార్నిష్ అట్లనే ఉంది. అది గీకకుంటే వైర్ల కరెంటు పారదు. మా బిడ్డ గూడ సూసింది, తలకాయ దించుకోని రాస్తనే ఉంది. నేను చీపురు పట్టుకోనే అన్న, "సార్, మా బిడ్డకియ్యుండ్రి. మా ఇంట్ల ఇదే పని."

"ఆయమ్మా, ఇది ఫ్యాన్ కాదు, ప్రయోగం!" అని నవ్విండు ఆ పిలగాడు.

"నవ్వకురా. రామ్మా, నువ్వు చూడు" అన్నడు సార్.

మా బిడ్డ లేచి, బ్లేడుతోని రెండు కొసలు గీకి, బ్యాటరీకి పెట్టింది. గుండుసూదులు ఎగిరొచ్చి మేకుకు అతుక్కున్నయి. "ఇంకోపారి చెయ్యవే!" అంటుండు ఆ పిలగాడే.

ఇంటికొచ్చినంక నా మీద కోపం చేసింది. "అందరి ముంగట ఎందుకన్నవ్? సిగ్గైంది." జర సేపైనంక, "అమ్మా, ఇంటర్ల ఎంపీసీ అంటే ఏమేముంటయి?" అనడిగింది.

"నాకేం ఎరుక, సార్‌ను అడుగు" అన్న. తెల్లారి అడిగిందంట.

మల్ల వారం ల్యాబ్‌ల ఆ పిలగాడు రికార్డు పట్టుకొచ్చిండు. "ఏయ్, జర రాసియ్యవా?"

"నీది నువ్వే రాస్కో, నాకు పనుంది" అని మా బిడ్డ సామాను దిక్కు పోయింది.

వాడే రాసుకున్నడు. ఊడుస్త ఊడుస్త తొంగి సూసిన, వాని రాత కోడి గీకినట్టుంది.